జనానా సరాయి పైకప్పు

వేసవి సెలవులు ఇవ్వగానే నేను హైదరాబాదు వెళ్ళింది ఊరు చూడడానికి కాదు, గచ్చు పని చేయడానికి. ఈ మాట విని మా హనుమకొండ బడిలో తోటి పంతులమ్మలు నవ్వారు. మా అన్నయ్య మాత్రం నవ్వలేదు. "సున్నం పనికి మన ఇంటి ఆడపిల్ల పోవుడేంది సుభద్రా?" అన్నాడు. "ఆ సరాయిల అమ్మ పండుకున్నది అన్నయ్యా" అన్నాను. అంతటితో ఆ మాట వదిలేశాడు.

సంగతేమిటంటే, ఒక కమిటీ వారు పత్రికలో ప్రకటన వేయించారు. నాంపల్లి స్టేషనుకు దగ్గర సందులో జనానా సరాయి అనే పాత కట్టడం ఉంది. జిల్లాల నుంచి పెద్ద దవాఖానకు వచ్చే ఆడవాళ్ళు కిరాయి లేకుండా తలదాచుకోవడానికి ఎప్పుడో ఒక వకీలుగారి భార్య కట్టించింది. పోలీసు చర్య తర్వాత పట్టించుకునే దిక్కులేక, కప్పు కురవడం మొదలుపెట్టేసరికి దానికి తాళం వేశారు. దాన్ని సిమెంటు ముట్టుకోకుండా, కట్టిన పద్ధతిలోనే గానుగ సున్నంతో బాగుచేస్తున్నామనీ, సేవాభావం గలవారు తరలి రావాలనీ, స్త్రీలు కూడా రావచ్చుననీ ఆ ప్రకటన. మా అమ్మకు కంటి శుక్లం తీయించినప్పుడు మేమిద్దరం ఆ సరాయిలోనే ఉన్నాం. కట్టు కట్టిన కళ్ళతో ఆమె ఆ గోడలు తడుముకుంటూ, "ఎవరో గాని మన కోసమే కట్టింది బిడ్డా" అనేది. అమ్మ ఇప్పుడు లేదు. ప్రకటన చదివాక నాకు కాలు నిలవలేదు.

కాజీపేటలో పొద్దున ప్యాసింజరు ఎక్కాను. ఆడవాళ్ళ పెట్టె నిండిపోయి, మామూలు పెట్టెలోనే కిటికీ పక్కన చోటు దొరికింది. జనగామలో ఎక్కిన విత్తనాల వ్యాపారి నా పని విని ఆశ్చర్యపోయాడు. "గా పనికి సర్కారు లేదా అమ్మా?" అన్నాడు. "ఉంటే మేమెందుకు పోతం?" అన్నాను. ఆయన ఆలేరు దాకా ఆలోచించి, "గదీ నిజమే" అన్నాడు. భువనగిరిలో చాయ్ తాగాను, నీళ్ళచాయే. సికింద్రాబాదులో సగం పెట్టె ఖాళీ అయింది. నాంపల్లిలో దిగేసరికి మధ్యాహ్నం దాటింది. బయట రిక్షావాడు నా పెట్టె అందుకుంటూ ముందు అడిగిన మాట, "హాలీ ఇస్తవా, కల్దారా?" అని. నిజాం హాలీ, ఇండియా సర్కారు కల్దారు, రెండు రకాల నాణేలూ చెల్లుతున్న రోజులవి. ఏవి ఇస్తే ఎవరు మోసపోతారో ఎవరికీ తెలిసేది కాదు.

బస ఆబిడ్స్‌లో. సెలవులకు మూసిన ఒక బడి గదుల్లో ఊరి బయటినుంచి వచ్చిన ఆడవాళ్ళకు చాపలు వేశారు. ఇలాంటి సేవకు వెళ్ళదలచినవారు సొంత దుప్పటి, చెంబు తీసుకెళ్ళడం మంచిది. కొళాయి పొద్దున్నే ఆగిపోతుంది.

మర్నాడు ఎండ ముదరకముందే నాంపల్లికి నడిచాం. ఆబిడ్స్ రోడ్డు అప్పుడే నిద్ర లేస్తోంది. ఇరానీ హోటళ్ళలో బల్లలు కడుగుతున్నారు. బట్టల దుకాణాల ముందు నౌకర్లు నీళ్ళు చల్లుతున్నారు. టాకీసు గోడమీద పాత బొమ్మ చింపి కొత్తది అంటిస్తున్నారు. అక్కడినుంచి స్టేషను దిక్కుగా పోయి, కట్టెల అడితీ పక్క సందులో తిరిగితే సరాయి.

ముందు అమ్మ తడిమిన గోడల కోసం చూశాను. వరండా కమానుల మీద సున్నంతో తీర్చిన తీగలు, ఆకులు సగం రాలిపోయాయి. గోడలమీద వాన చారలు. కాని లోపలి హాలు అలాగే ఉంది. గాలి వచ్చేలా ఎత్తుగా పెట్టిన కిటికీలు, రోగి ఆనుకొని కూర్చోవడానికి గోడ పొడుగునా అరుగు. పాడైన పాత కప్పు తీసి, కొత్తగా ఇటుక ముక్కలూ సున్నమూ పరిచారు. పైనుంచి టకటకమని ఒకే తాళంలో చప్పుడు వస్తోంది. పాలమూరు ఆడవాళ్ళు వరుసగా గొంతుక్కూర్చుని చెక్క బద్దలతో గచ్చు కొడుతున్నారు.

కమిటీ సెక్రటరీ కిషన్‌రావు గారు ఆబిడ్స్‌లో పేరున్న బట్టల వర్తకులు. అంత ఎండలోనూ షేర్వాణీ గుండీలు విప్పని మనిషి. మమ్మల్ని ఆదరంగానే పలకరించి, మగవాళ్ళకు తాపీలు, గమేళాలు పంచారు. ఆడవాళ్ళకు స్టవ్వు చూపించారు. చాయ్ కాచాలి. తీరిక దొరికితే ప్రారంభోత్సవానికి రంగుకాగితాల తోరణాలు కత్తిరించాలి.

"సెక్రటరీ గారూ, ప్రకటనల ఆడవాళ్ళు గూడ రావచ్చని రాసిన్రు గద?" అన్నాను.

"ఔ. రమ్మన్నం, వచ్చిన్రు. శాన సంతోషం. చాయ్ గిట్ల చూసుకోవాలె గదమ్మా. ఇజ్జత్ గల్ల ఇండ్ల ఆడోళ్ళు మిద్దెక్కి గచ్చు కొడుతుంటే సడక్ మీద పోయెటోళ్ళు ఏమనుకుంటరు?"

"మరి పైనున్నోళ్ళు ఆడోళ్ళు కాదా?"

ఆయన నావైపు జాలిగా చూశారు. "వాళ్ళు కూలోళ్ళు టీచరమ్మా" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. కూలికి కొడితే పోని ఇజ్జత్ సేవకు కొడితే ఎలా పోతుంది? పైన కొట్టేవాళ్ళకు అసలు ఇజ్జతే లేదని అంత మెల్లగా, అంత మర్యాదగా ఎలా అనగలిగాడు? నేను నోరు తెరిచేలోపల నా పక్కనున్నావిడ కత్తెర కింద పడేసింది. ఆవిడ అనసూయమ్మ. కాచిగూడలో రైల్వే గుమాస్తా భార్య, యాభై దాటిన మనిషి. కొంగు నడుముకు చుట్టి బిగించి, "చెల్లె, నిచ్చెన జర గట్టిగ పట్టు" అని నాతో అని చకచకా ఎక్కేసింది. వెనకే నేను. కింద సెక్రటరీ గారు "అరె, అరె" అంటూనే ఉన్నారు.

పైన మమ్మల్ని చూసి ముందు నవ్వింది ఎల్లవ్వ. ఆ ముఠాకు పెద్ద ఆమే. పొగాకు నమిలే నోరు, ఊరంతా వినపడే గొంతు. నాకో చెక్క బద్ద విసిరి, నేను కాసేపు కొట్టాక, "ఏందే పంతులమ్మా, పలక మీద రాసినట్టు కొడుతున్నవ్? మొగని మీద కోపం తెచ్చుకొని కొట్టు" అంది. "నాకు మొగడు లేడు" అన్నాను. "గట్లయితే కిందున్న సెక్రటరీని తలుసుకో" అంది. ఆ మాట బాగా పనిచేసింది.

గచ్చు కొట్టడం ఒక రోజుతో అయ్యేది కాదు. పరిచిన ఇటుక ముక్కలూ సున్నమూ ఒకటై గట్టిపడేదాకా కొడుతూనే ఉండాలి. మధ్య మధ్య బెల్లం, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు చల్లుతారు. ఆ నీళ్ళకు పట్టే ఈగలు అన్నీ ఇన్నీ కావు. మొదట బద్ద మెత్తగా దిగుతుంది. పోనుపోను దెబ్బకు ఎగిరి వస్తుంది. చప్పుడు కూడా మారుతుంది. ఎల్లవ్వ పాట ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకునేవాళ్ళు, బద్దలన్నీ ఒక్కసారే పడేవి. ఆ పాటల్లో మేస్త్రిమీదా అత్తమీదా సెక్రటరీమీదా ఆమె కట్టిన మాటలు ఇక్కడ రాయదగినవి కావు. "నేను కొట్టిన మిద్దె కురిసిందన్నోడు ఇంకా పుట్టలే" అని ఆమె రోజూ గొప్పలు పోయేది. కాచిగూడలో తమ పక్కింటి మిద్దె కురుస్తోందనీ, దాన్ని కొట్టింది ఎల్లవ్వేననీ అనసూయమ్మ ఒకరోజు బయటపెట్టింది. ఎల్లవ్వ తడుముకోకుండా, "గది నా చెల్లె కొట్టిన పక్క" అంది.

నా అరచేతులు పొక్కి పగిలాయి. సున్నం తగిలి మండేవి. మధ్యాహ్నం కింద షామియానాలో సేవకు వచ్చినవాళ్ళకు పూరీలు పెట్టేవారు. పైనున్న కూలీలను పిలిచేవారు కారు. అది చూశాక నాకు పూరీ సహించలేదు. ఎల్లవ్వ జొన్నరొట్టె విరిచిస్తే మిరపకాయ కారంతో తిన్నాను.

ప్రతిరోజూ ఆ వేళకే బాలమ్మ అనే ఆమె వచ్చి సందులో నిలబడేది. మెదక్ దిక్కు పల్లెనుంచి కోడలిని తీసుకొచ్చింది. కోడలికి కడుపులో గడ్డ తీశారు. మంచం ఖాళీ చేయమని దవాఖానలో చెప్పారు గాని, పుండుకు రోజూ కట్టు మార్పించుకోవాలి. ఊరికి పోయి రావడం కుదరదు. అత్తాకోడళ్ళు దవాఖాన ప్రహరీ వెంబడి దుప్పటి పరుచుకొని పడుకుంటున్నారు.

"ఎప్పుడు తెరుస్తరమ్మా?" అని పైకి చూసి అడిగేది.

"అయిపోవచ్చింది. మృగశిర రాకముందే తెరుస్తం" అని నేనే చెప్పేదాన్ని. ఆ మాటను నేను మనసారా నమ్మి చెప్పాను. అందుకే తర్వాత జరిగినదానికి నాకంత కోపం వచ్చింది.

కప్పు పని ముగింపుకు వస్తోందనగా ఒక సాయంత్రం సందులోకి రెండు బండ్లు వచ్చాయి. వాటినిండా కుర్చీలు, బల్లలు, అద్దాల బీరువాలు. రోగులు పడుకునే సరాయిలో బీరువాలెందుకని బండివాణ్ణి అడిగాను. "గిది ఆఫీసు సామాను అమ్మా. గీడ కమిటీ ఆఫీసట, పేపర్లు చదువుకునే రూమట" అన్నాడు. నేను చేతులైనా కడుక్కోకుండా సెక్రటరీ గారి ముందుకు వెళ్ళాను.

"ఔనమ్మా" అన్నారాయన, దాచకుండా. "ఆదివారం మంత్రిగారు వస్తున్నరు. పెద్దలు వచ్చి కూసోనీకి ఒక జాగ ఉండాలె గద."

"దవాఖానకొచ్చే ఆడోళ్ళకని గద దీన్ని కట్టింది? ప్రకటనల గదే రాసిన్రు."

"కట్టినప్పుడు గట్ల కట్టిన్రు. ఇప్పుడు రోగాలోళ్ళను తెచ్చి పండవెడితే నెల తిరిగేటాలకు బిల్డింగు ఖరాబైతది. గింత మంచి పాత కట్టడం! కాపాడుకోవాలె టీచరమ్మా."

"ఎవలి కోసం కాపాడుడు?"

ఆయన బీరువా అద్దం జాగ్రత్త అని కూలీలను హెచ్చరించడానికి వెళ్ళిపోయారు.

ఈ పెద్దమనుషుల తీరు ఇప్పటికీ నాకు కొరుకుడు పడదు. ఒక కమాను మీద ఆకు రాలితే కన్నీళ్ళు పెట్టుకుంటారు. ఆ కమాను కింద పడుకోవలసిన మనిషి రోడ్డుమీద ఉంటే వాళ్ళకు కనపడదు. సున్నం పాతదే ఉండాలి, ఇటుక పాతదే ఉండాలి, కట్టించిన ఆమె ఉద్దేశం మాత్రం పాతదైపోయిందట! ఆ తల్లి గోడవెంబడి అరుగు కట్టించింది పత్రికలు చదువుకోవడానికా?

మిద్దె ఎక్కి విషయం చెప్పాను. "బద్దలు కింద పారేద్దాం. మనం ముట్టుకోకుంటే వాళ్ళ ఉత్సవం ఎట్లయితదో చూద్దాం" అన్నాను.  కూలీలలో ఇద్దరు అప్పుడే లేచారు కూడా.

ఎల్లవ్వ లేవలేదు. పొగాకు ఉమ్మేసి, "కూసోండ్రే" అంది. "సగం కొట్టి ఇడిసిపెడితే వానకు నీళ్ళు దిగుతయ్. పొయ్యేది మన పనే. ముందుగాల కప్పు పూర్తిచేద్దాం. లోపల ఎవలు పండుకుంటరో తర్వాత చూద్దాం."

"ఎట్ల చూస్తవ్?" అంది అనసూయమ్మ.

"ఖాళీ ఉన్న జాగల ఎవలు ముందుగాల దుప్పటి పరుస్తే వాళ్ళదే. మా గుడిసెలు గట్లనే లేసినయ్."

నేనూ అనసూయమ్మా సరేనన్నాం. అంతకంటే పెద్ద ఆలోచన ఎవరూ చేయలేదు. మర్నాటినుంచి ఇంకా గట్టిగా కొట్టాం. శుక్రవారానికి బద్ద వేస్తే రాయిమీద వేసినట్టు మోగింది. పైన మెత్తటి సున్నం పూసి, నున్నటి రాళ్ళతో రుద్ది, తడి ఆరకుండా గడ్డి పరిచాం. శనివారం నేను, అనసూయమ్మ, ఎల్లవ్వ కలిసి గౌలిగూడ మీదుగా దవాఖాన దాకా నడిచాం. ప్రహరీ వెంబడి పడుకున్న ఆడవాళ్ళందరికీ చెప్పాం. సరాయి తయారైందనీ, పొద్దున్నే రమ్మనీ అన్నాం. ఎవరు రమ్మన్నారని ఒక ముసలమ్మ అడిగింది. "కట్టించినామె" అంది అనసూయమ్మ. అందులో అబద్ధమేమీ లేదు.

ఆదివారం పొద్దున హాలు కడగడానికి తలుపులు బార్లా తెరిచారు. కడిగిన నేల ఆరకముందే వాళ్ళు వచ్చారు. మూటలతో, చెంబులతో, చంకలో పిల్లలతో. కొందరు నడవలేక ఒకరినొకరు పట్టుకొని వచ్చారు. మేము, ఎల్లవ్వ ముఠా కలిసి కుర్చీలూ బల్లలూ ఒక మూలకు తోశాం. బాలమ్మ కోడలిని అరుగు పక్కన పడుకోబెట్టింది. ఆ పిల్ల గోడకు వీపు ఆనించి కళ్ళు మూసుకుంది. చాలా రోజులకు చల్లటి చోటు దొరికిన మొహం అది.

తొమ్మిదింటికి సెక్రటరీ గారు గులాబీ దండలతో వచ్చారు. గుమ్మంలోనే నిలబడిపోయారు.

"ఎవరు వీళ్ళంతా? నడువుండ్రి! బయటికి నడువుండ్రి!"

ఎవరూ కదల్లేదు. బాలమ్మ చేతులు జోడించి, "నా కోడలు లేవలేదు సారూ, కడుపు కోసిన్రు" అంది.

ఆయన నావైపు తిరిగారు. షేర్వాణీ మెడ దగ్గర చెమట కారుతోంది. "టీచరమ్మా, గిది మీ పనేనా? పోలీసోళ్ళను పిలుస్త నేను!"

"పిలువుండ్రి" అంది అనసూయమ్మ, నాకంటే ముందు. "మంత్రిగారు దిగేటాలకు పోలీసోళ్ళు రోగాలోళ్ళను గుంజుకపోతుంటరు. సూడనీకి మంచిగుంటది. పేపరోళ్ళు గూడ వస్తున్నరట గద?"

ఆయన ఆ దండలు పట్టుకొని అలాగే నిలబడ్డారు. పిలుస్తారనే అనుకున్నాను. పోయి బాలమ్మ కోడలి పక్కన కూర్చున్నాను. ఇంతలో సందు మొగదల కారు చప్పుడు, బ్యాండుమేళం.

మంత్రిగారు వయసు మళ్ళినవారు. లోపలికి వచ్చి, వరుసగా పడుకున్న ఆడవాళ్ళను చూసి ఆగిపోయారు. ఒక పసిపిల్ల తల నిమిరారు. బాలమ్మ కోడలిని ఏ ఊరని అడిగారు. తర్వాత సెక్రటరీ గారి భుజంమీద చెయ్యి వేసి, అందరూ వినేలా, "కట్టడం బాగుచేసేవాళ్ళు చాలామంది ఉంటారు, ఇలా మనుషులతో నింపినవారిని మిమ్మల్నే చూశాను. ఇది ఎప్పటికీ ఇలాగే నడవాలి" అన్నారు. చప్పట్లు మోగాయి. సెక్రటరీ గారు ఒక్క క్షణం నేల చూపులు చూసి, చేతులు జోడించి, "అంత తమరి దయ" అన్నారు.

గెలిచాం. కాని నాకు సంతోషం రాలేదు. షామియానాలో ఉపన్యాసాలు మొదలయ్యాయి. దాతలకు వందనాలు, మేస్త్రికి శాలువా, "చాయ్ ఏర్పాట్లు చూసిన సోదరీమణులకు" కృతజ్ఞతలు. ఎల్లవ్వ ముఠాను షామియానా చుట్టూ కట్టిన తాడు అవతలే నిలబెట్టారు. ఉన్న ఒక్క మంచి చీర కట్టుకొని వచ్చారు వాళ్ళు. ఇక నేను పట్టలేకపోయాను. లేచి నిలబడి, నా గొంతు ఎంత లేస్తే అంత గట్టిగా, "మిద్దె కొట్టింది గా తాడు అవతలున్న ఆడోళ్ళు! లోపలోళ్ళను తెచ్చిందీ వాళ్ళే!" అని అరిచాను. ముందు వరుసల్లో తలలు తిరిగాయి. సెక్రటరీ గారు బ్యాండువాళ్ళకు సైగ చేశారు. మిగతా మాటలు డప్పుల్లో కలిసిపోయాయి. తాడు అవతల ఎల్లవ్వ మాత్రం చెయ్యెత్తి, "ఇనవడ్డది పంతులమ్మా!" అని కేక పెట్టింది. ఆ గొంతు బ్యాండును కూడా దాటింది.

సోమవారం నాంపల్లిలోనే తిరుగు బండి ఎక్కాను. అనసూయమ్మ కాచిగూడనుంచి పనిగట్టుకొని వచ్చి పులిహోర పొట్లం ఇచ్చింది. వారానికొకసారి సరాయికి పోయి చూసివస్తాననీ, బీరువాలు మళ్ళీ హాలు మధ్యకు వస్తే ఊరుకోననీ మాట ఇచ్చింది. ఆమె అంటే చేస్తుంది.

ఎదుటి బల్లమీద ఒక పెద్దాయన పత్రిక చదువుతున్నాడు. ప్రారంభోత్సవం వార్త అందులో ఉంది. సెక్రటరీ గారి దూరదృష్టిని, పురాతన కళపై ఆయనకున్న మక్కువను మెచ్చుకుంటూ ఒక కాలమ్ నిండా రాశారు. అక్కడ ఎవరు ఉండవచ్చునో, కిరాయి ఉందో లేదో ఒక్క ముక్క లేదు. ఆగలేక నేను చెప్పడం మొదలుపెట్టాను. సికింద్రాబాదు దాటేసరికి పెట్టెలో సగంమంది వింటున్నారు.

పెద్దాయన పక్కన ఆయన భార్య ముసుగేసుకొని కూర్చుంది. కాలికి పెద్ద కట్టు. నేను చెప్పడం ఆపాక మెల్లగా అంది, "మేం గిన్ని దినాలు నాంపల్లి టేషన్లనే పండుకున్నం బిడ్డా. గా సరాయి గాడనే ఉన్నదా?"

"గాడనే ఉన్నదమ్మా. స్టేషనుకు దగ్గర్నే."

"ఎవ్వలు చెప్పలే" అంది ఆమె.

అందుకే ఇది రాస్తున్నాను. నాంపల్లి స్టేషను బయటికి వచ్చి కట్టెల అడితీ ఎక్కడని అడగండి. దాని పక్క సందులో కమానుల వరండా కనిపిస్తుంది. దవాఖాన పనిమీద వచ్చిన ఏ ఆడమనిషైనా అక్కడ ఉండవచ్చు. కిరాయి లేదు. సిఫారసు అక్కర్లేదు. ఎవరినీ అనుమతి అడగకండి. అడిగితే ఇవ్వకపోవచ్చు. నేరుగా లోపలికి పోయి, అరుగు పక్కన చోటు చూసుకొని చాప పరుచుకోండి.